పక్క కణం పట్టు

ప్రాణికి ఆకారం ఎలా వస్తుందని అడిగితే, అంతా జన్యువుల్లోనే ఉంటుందని చాలామంది అంటారు. ఈగ పిండాలను మైక్రోస్కోప్‌లో చూడటమే వృత్తిగా పెట్టుకున్న నాకు ఆ జవాబు సగమే అనిపిస్తుంది. జన్యువు ప్రొటీన్‌ను చేయిస్తుంది. ఆ ప్రొటీన్ తెచ్చిన సంకేతం అందుకుని కణం కదులుతుంది. ఆ కదలిక ఆకారంగా మారాలంటే మాత్రం కణాలు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉండాలి.

ఈ పని ముందు చేతికి అలవాటు కావాలి. పళ్లరసం కలిపిన అగార్ ప్లేటు మీద కాస్త ఈస్ట్ ముద్ద పెడితే ఫ్రూట్ ఫ్లైలు వచ్చి గుడ్లు పెడతాయి. ఒక్కో గుడ్డు అర మిల్లీమీటరు పొడవుంటుంది. పై పొర పోవడానికి నీళ్లు కలిపిన బ్లీచ్‌లో వేస్తాం. తక్కువసేపు ఉంచితే పొర పోదు, ఎక్కువసేపు ఉంచితే పిండం చస్తుంది. గుడ్డు తల వైపు సన్నటి కాడలు రెండుంటాయి. అవి మాయమయ్యాయంటే పొర కరిగినట్టే. వెంటనే నీళ్లతో కడిగి, పొట్ట భాగం లెన్స్ వైపు ఉండేలా వరుసగా అంటించి, ఎండిపోకుండా పైన నూనె చుక్క వేస్తాం.

గుడ్డు పెట్టిన మూడు గంటలకు పిండం ఉపరితలమంతా ఒకే వరుసలో సుమారు 6,000 కణాలు పరుచుకుంటాయి. ఇదే దాని మొదటి ఎపితీలియం, అంటే కణాల పొర. ఆ తర్వాత పొట్ట పొడవునా ఒక పట్టీలోని కణాలు బయటి అంచును కుదించుకోవడం మొదలుపెడతాయి. పావుగంట తిరిగేసరికి ఆ పట్టీ మడతపడి లోపలికి దిగిపోతుంది. రేపటి కండరాలు దానిలోంచే వస్తాయి.

ఆ కుదింపుకు సంకేతం ఫాగ్ అనే ప్రొటీన్. కణాలు దాన్ని బయటికి వదులుతాయి, ఉపరితలం మీది గ్రాహకాలు అందుకుంటాయి. అక్కణ్నుంచి కన్సర్టీనా అనే జీ ప్రొటీన్, దాని తర్వాత రో, రో కైనేజ్ అనే ప్రొటీన్లు వరుసగా మేల్కొంటాయి. చివరికి మయోసిన్ అనే ప్రొటీన్ కణంలోని యాక్టిన్ పోగులను పట్టి లాగుతుంది. సంచి మూతి తాడు బిగించినట్టు కణం పైభాగం ముడుచుకుంటుంది. ఈ లాగుడు ఆగకుండా సాగేది కాదని ప్రిన్స్‌టన్‌లో ఆడమ్ మార్టిన్, మథియాస్ కాషూబే, ఎరిక్ వీషాస్ 2009లో చూపించారు. కణం కాసేపు లాగుతుంది, ఆగుతుంది, కుదించుకున్నంత మేర నిలబెట్టుకుని మళ్లీ లాగుతుంది. తెర మీద అది చూసినప్పుడల్లా నాకు ఊపిరి బిగబట్టినట్టే ఉంటుంది.

ఫాగ్ లేని పిండంలో పొట్ట కణాలు వేటికి తోచినప్పుడు అవి కుదించుకుంటాయి. మడత ఆలస్యంగా, వంకరటింకరగా వస్తుంది. ఇక కణాల మధ్య అతుకులను బలహీనపరిస్తే మయోసిన్ లాగుతూనే ఉంటుంది, కానీ ఆ బలం పక్క కణానికి చేరదు. లాగే పోగులు కణం అంచు నుంచి తెగి మధ్యలో ముద్దకడతాయి. మడత పడదు.

ఆ అతుకులకు ఆధారమైన క్యాడ్హెరిన్లు అనే ప్రొటీన్లను గుర్తించింది జపాన్ శాస్త్రవేత్త మసతోషి తకేచి. వాటి పట్టు నిలవాలంటే కాల్షియం ఉండాలి. కల్చర్ డిష్‌లో పలకలా పరుచుకున్న కణాల నుంచి కాల్షియం తీసేస్తే, అవి విడిపోయి గుండ్రంగా తేలతాయి.

ఇదంతా ఈగలకే పరిమితమైన సంగతి కాదు. మన మెదడూ వెన్నుపామూ మొదట చదునైన కణాల పొర. అది మడతపడి గొట్టంలా మూసుకోవాలి. ష్రూమ్3 అనే ప్రొటీన్ రో కైనేజ్‌ను సరిగ్గా కణాల అతుకుల దగ్గరికి చేరుస్తుంది. అది లోపించిన ఎలుక పిండాల్లో ఆ గొట్టం మూసుకోదు. మనుషుల్లో ఈ మూసివేత గర్భధారణ జరిగిన 28 రోజుల్లోపే పూర్తవుతుంది. అప్పటికి చాలామంది తల్లులకు గర్భం సంగతే తెలియదు. అందుకే ఈ గొట్టం సరిగ్గా మూసుకోవడానికి తోడ్పడే ఫోలిక్ యాసిడ్ మాత్ర గర్భం నిలిచాక కాదు, బిడ్డ కావాలనుకున్నప్పుడే మొదలుపెట్టాలి. అంతకుముందు బిడ్డకు ఈ గొట్టం మూసుకోని లోపం వచ్చిన తల్లుల్లో అది మళ్లీ వచ్చే అవకాశాన్ని ఫోలిక్ యాసిడ్ 72 శాతం తగ్గించిందని బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ 1991లో వెల్లడించింది. కొత్తగా పెళ్లయిన జంటలకు డాక్టర్లూ ఆశా కార్యకర్తలూ ముందే చెప్పాల్సిన మాట ఇది.

కొత్తగా చేరిన విద్యార్థులు ఒక జన్యువును తీసేసి, ఆ కణానికేమైందో చూస్తారు. పక్కనున్న మామూలు కణాన్నీ అంతే శ్రద్ధగా చూడమని చెబుతాను. లోపం ఒకచోట ఉండి, వంకర మరోచోట తేలవచ్చు. కణాన్ని దాని ఇరుగుపొరుగుతో కలిపి చూసినప్పుడే ఆకారం సంగతి మనకు బోధపడుతుంది.