స్విచ్‌కి పేర్లు నేర్పే పనితనం

1983లో పాల్ మోకాపెట్రిస్ రూపొందించిన డీఎన్‌ఎస్ పేర్లను ఐపీ అడ్రసులుగా మారుస్తుంది. టైమ్ సర్వర్‌నో లాగ్ సర్వర్‌నో పేరుతో పిలవాలంటే నెట్‌వర్క్ స్విచ్‌కీ ఆ సాయం కావాలి.

సిస్కో స్విచ్‌లో ఇలా పేర్లు వెతికిపెట్టే నేమ్ సర్వర్లను ఆరింటి దాకా ఇవ్వొచ్చు. మంచి ఇంజనీరు కనీసం రెండిస్తారు; ఒకటి పడిపోయినా రెండోది ఆదుకుంటుంది. అక్కడితో చేతులు దులుపుకోరు. ముందు అడ్రసుతో పింగ్ చేస్తారు, తర్వాత పేరుతో. మొదటిది పలికి రెండోది పలక్కపోతే, దారి బాగానే ఉంది, లోపం పేరు వెతకడంలోనే అని ఇట్టే పట్టేస్తారు. 'షో హోస్ట్స్' కమాండ్ కొట్టి సరిచూస్తారు. కాన్ఫిగరేషన్ సేవ్ చేశాకే లేస్తారు. లేకుంటే కరెంటు పోయొస్తే చేసిన మార్పులన్నీ పోతాయి.

పని చేయడం కన్నా చేసిన పనిని సరిచూడటమే అసలైన నైపుణ్యం. మీ ఆఫీసులో ఆ పని చేసేవారిని ఈసారి మనసారా మెచ్చుకోండి.