అభ్యసన ఫలితాలు – ఆరంభ స్థాయి: వైరా నుండి ఒక పరిశీలన

1976లో వరంగల్ కేంద్రంగా ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయ పరిధిలోకి ఖమ్మం జిల్లా కళాశాలలు కూడా వస్తాయి. వైరా పరిసరాల తెలుగు విద్యార్థులు, భద్రాచలం అటవీ ప్రాంతపు కోయ విద్యార్థులు ఇక్కడ ఒకే ప్రశ్నపత్రానికి సమాధానాలు రాస్తారు.

న్యాక్ అనుసరిస్తూ వచ్చిన ఏడు ప్రమాణాలలో అభ్యసన ఫలితాలు రెండవ దానిలోనూ, వ్యూహ రచన ఆరవ దానిలోనూ ఉన్నాయి. ఈ విభజన కేవలం నివేదిక సౌలభ్యం కోసమే. ఆచరణలో మాత్రం ఫలితాలను లెక్కించేవారు ఒకరు, ప్రణాళిక రాసేవారు మరొకరు అయ్యే ప్రమాదం ఇందులో ఉంది.

"విద్యార్థి పద్యభావాన్ని విశ్లేషించగలడు" అన్నది తెలుగు పాఠ్యాంశానికి రాయదగిన ఫలితమే. దాని సాధనను సాధారణంగా మార్కులతో కొలుస్తారు. ఇంట్లో తెలుగు మాట్లాడే విద్యార్థికీ, గోండికి సన్నిహితమైన కోయ మాట్లాడే విద్యార్థికీ అరవై మార్కులే వచ్చాయనుకుందాం. పట్టికలో ఇద్దరూ సమానులు. కానీ రెండవ విద్యార్థి నడిచిన దూరం అందులో కనిపించదు. ఆరంభ స్థాయి తెలియని చోట ఫలితం స్థాయిని చెబుతుందే తప్ప అభ్యసనాన్ని చెప్పదు.

ఆరంభ స్థాయిని గుర్తించడమంటే ప్రమాణాన్ని తగ్గించడం కాదు. మొదటి సెమిస్టరు ఆరంభంలో ఒక చిన్న రచన, చివర అదే తరహా మరొక రచన రాయించి పోల్చితే వ్యత్యాసం తెలుస్తుంది. అది తక్కువగా ఉన్న కళాశాలకు అధ్యాపకులనూ, ద్విభాషా సామగ్రినీ ముందుగా కేటాయించాలి. అప్పుడే వ్యూహ ప్రణాళిక తరగతి గదిని చేరుతుంది.