పాత ఉంగరం, కొత్త రాయి

నిశ్చితార్థపు ఉంగరంలో రాయి మార్చడం కొత్త ఉంగరం చేయడం కన్నా కష్టం. అర క్యారెట్ గుండ్రటి వజ్రం అడ్డంగా సుమారు 5 మిల్లీమీటర్లు, ఒక క్యారెట్‌ది 6.5. బరువు రెట్టింపైనా పెరిగే వెడల్పు కొంచెమే. అయినా పాత గూట్లో పెద్ద రాయి పట్టదు. మంచి కంసాలి అరిగిన గూటిని కోసేసి కొత్తది అతుకుతాడు. లోపల చెక్కిన పేర్ల మీద మాత్రం ఆకురాయి పడనివ్వడు. ఇక రాయి పొదగడం చూడాలి. భూతద్దం కంటికి ఆనించుకుని, రాయిని పట్టి ఉంచే సన్నటి కొక్కేలను ఎదురెదురుగా, కొద్దికొద్దిగా వంచుతాడు. ఒకేవైపు నొక్కితే రాయి ఒరుగుతుంది, వజ్రమైనా అంచు చిట్లవచ్చు. ఆ ఓపికంటే నాకు మహా గౌరవం. తీసిన పాత రాయిని కాగితంలో పొట్లం కట్టి అడక్కముందే చేతిలో పెట్టే మర్యాద అంటే మరీనూ. దాన్ని ముక్కుపుడకలో పొదిగించుకోవచ్చు.