కోయిల కూయని ఉగాది
పిల్లల వ్యాసాలపై ఒక విమర్శ

ఈ సంవత్సరం ఉగాదికి మా ఊరి మందిరంలో పిల్లలకు వ్యాసరచన పోటీ పెట్టారు. విషయం ‘మా యింటి ఉగాది’. కాగితాలు దిద్దిన ముగ్గురిలో నేనొకణ్ణి. వాటిని గురించి నాలుగు మాటలు వ్రాయాలని పూనుకున్నాను. పిల్లలను తప్పుపట్టడానికి కాదు. వాళ్ల చేత అలా వ్రాయించినవాళ్లం మనమే గదా! ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు, బహుమతులిచ్చే పెద్దలు, అందరమూ ఈ విమర్శకు పాత్రులమే.

సగానికి మించిన కాగితాలు ఒకే అచ్చులో పోసినట్లున్నాయి. ఉగాది తెలుగువారి తొలి పండుగ అని మొదలు. ఆ తరువాత వసంతఋతువు అరుదెంచును, ప్రకృతికాంత పచ్చని చీర ధరించును, మామిడి చెట్లు చిగురించును, కోయిల కూయును. చివర ఆరు రుచుల పేర్లు, అందరికీ శుభాకాంక్షలు. అక్షరదోషాలు బహు తక్కువ. మొదటి బహుమతి అటువంటి కాగితానికే వెళ్లింది. ఆ అమ్మాయిని దగ్గరకు పిలిచి, “అరుదెంచును అంటే ఏమిటమ్మా?” అని అడిగాను. నవ్వి ఊరుకుంది.

మార్చి, ఏప్రిల్ నెలల్లో మారిషసులో వసంతం ఎక్కడిది? మనది భూమధ్యరేఖకు దక్షిణాన వున్న దీవి. ఉగాది నాటికి మనకు వేసవి ముగింపుకు వస్తుంది, తుఫానుల భయం ఇంకా పోదు. మన మామిడి పూత పూసేది జులై, ఆగస్టు నెలల చలికాలంలో. మన పెరళ్లలో పొద్దున్నే కూసేది కోయిల కాదు, 1892లో ఈ దీవికి తెచ్చిన తురాయి పిగిలిపిట్ట. దాన్ని మన పిల్లలు క్రియోలులో ‘కొండే’ అని పిలుస్తారు. రోజూ కిటికీ మీద ఆ పిట్టను చూసే పిల్ల, ఎన్నడూ వినని కోయిలను గురించి వ్రాసింది. దానికి మేము బహుమతి ఇచ్చాం.

కంఠస్థం చెడ్డదని నేననను. నేను తెలుగు నేర్చింది ఇంట్లో కాదు, మందిరం వెనుక గదిలో సాయంకాలపు తరగతుల్లో. వేమన పద్యాలు అర్థం తెలియకుండానే వల్లె వేశాను. ఆ నడక చెవిలో వుండిపోయి చాలా ఏళ్ల తరువాత అక్కరకు వచ్చింది. అయితే పద్యం వేమనదని అందరికీ తెలుసు. వ్యాసం క్రింద మాత్రం పిల్లవాడి పేరు వుంటుంది.

ఇక మేము అట్టడుగున పెట్టిన కాగితం సంగతి. పదేళ్ల కుర్రవాడిది. మొత్తం నాలుగే వాక్యాలు: “మా నాయనమ్మ చేశాడు పచ్చడి. నేను తిన్నాను పచ్చడి. చాలా చేదు. నాయనమ్మ నవ్వాడు.” మేము ముగ్గురమూ నవ్వాము. ఎర్రసిరాతో సున్నాలు చుట్టింది నేనే. ఇంటికి వచ్చాక చూస్తే నాకు ఆ కాగితం ఒక్కటే గుర్తున్నది. మిగిలిన కాగితాల్లో ఎంత మంది కోయిలలు కూసినా, ఒక్క మనిషి కూడా నవ్వలేదు.

ఆ కుర్రవాడి తప్పులు అశ్రద్ధ వల్ల వచ్చినవి కావు, క్రియోలు వల్ల వచ్చినవి. క్రియోలులో అతడైనా ఆమె అయినా ‘లి’ ఒక్కటే. క్రియలో ఆడ, మగ తేడా లేదు. మనకో, ఆ తేడా క్రియ చివరనే తెలిసిపోతుంది. క్రియోలులో కర్త వెనుకనే క్రియ వస్తుంది, ఆపైన కర్మ. తెలుగులో మాటలు ముందువెనుకలైనా అర్థమవుతుంది గాని, క్రియ చివరకు చేరితేనే వాక్యం కుదుటపడుతుంది. ఇంకొకటి: క్రియోలు ‘నూ’ ఒక్కదానికి మనకు మేము, మనము అని రెండు మాటలున్నాయి. “నిన్న మనం గుడికి వెళ్లాం” అని ఇంట్లో పడుకున్న నాతో చెప్పే పిల్లవాడు నన్ను కూడా గుడికి తీసుకుపోయినట్లే! ఈ సంగతులు రెండు భాషలనూ పక్కపక్కన పెట్టి చెప్తే పిల్లలు ఇట్టే పట్టుకుంటారు. ఎర్రసున్నా చుట్టి ఊరుకుంటే ఎందుకు తప్పో ఎప్పటికీ తెలియదు.

మనలో కొందరు ఉపాధ్యాయులు దీనికి ఒక మందు చెప్తారు: మాట్లాడినట్లే వ్రాయండి అని. గిడుగు రామమూర్తి పంతులుగారి పేరు కూడా చెప్తారు. పంతులుగారు (1863–1940) పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకుంటూనే సవరల భాష నేర్చుకొని, ఆ పిల్లల చదువు కోసం ఆ భాషలో పుస్తకాలు తయారుచేసిన మహనీయుడు. వాడుక తెలుగు బళ్లలోకి రావాలని ఏళ్ల తరబడి పోరాడారు. వారి మీద నాకు అపారమైన గౌరవం. అయినా ఆ మాటను ఉన్నదున్నట్లు ఇక్కడికి తేవడంలో నాకు అభ్యంతరం వున్నది. ఆంధ్రదేశపు పిల్లవాడికి తెలుగు మాట ముందే నోట్లో వుంటుంది. మన పిల్లవాడి నోట్లో వున్నది క్రియోలు. మాట్లాడినట్లు వ్రాయమంటే “నాయనమ్మ చేశాడు పచ్చడి” అనే వ్రాస్తాడు. పంతులుగారు సవర పిల్లల దగ్గర చేసింది చూడండి: పిల్లవాడి నోట్లో ఏ భాష వున్నదో ముందు తెలుసుకున్నారు. మనం తీసుకోవలసింది అది.

తరువాతి శనివారం ఆ కుర్రవాణ్ణి నా పక్కన కూర్చోబెట్టుకొని, “నాయనమ్మ ఎందుకు నవ్విందిరా?” అని అడిగాను. తెలుగులో జవాబు రాలేదు. క్రియోలులోనే చెప్పమన్నాను. ఇక చూడండి, ధారగా చెప్పాడు. వేపపువ్వు దొరకలేదట. నాయనమ్మ కాకరకాయ, అదే మనవాళ్లు ‘మార్గోజ్’ అంటారు, పచ్చడిలో వేసిందట. ఉమ్మితే తిడుతుందని వీడు మింగేశాడట. వీడి మొహం చూసి ఆమె నవ్విందట. ఇంత కథ ఆ నాలుగు వాక్యాల వెనుక వున్నది. మేము అడగలేదు, వాడు చెప్పలేదు.

అప్పుడు ఒక్కొక్క సంగతే తెలుగులో నోటితో చెప్పించాను. పుస్తకం తెరవనివ్వలేదు. నల్లబల్ల మీద నాలుగు రూపాలు మాత్రం వ్రాశాను: చేసి, చేస్తూ, చేస్తే, చేసినా. తెలుగు వాక్యానికి కీళ్లు ఇవే. మనమేమో క్రియోలు ‘ఎక్’కు బదులుగా ‘మరియు’ ఇచ్చి, దానితో వాక్యాలను కుట్టుకోమన్నాం. భారతదేశం నుంచి వచ్చిన తెలుగువారితో మాట్లాడి చూడండి, ‘మరియు’ వాళ్ల నోట ఎన్నిసార్లు వస్తుందో! రెండు గంటల తరువాత కుర్రవాడు వ్రాసినది ఇది:

“వేపపువ్వు దొరకకపోతే మా నాయనమ్మ మార్గోజ్ తురిమి పచ్చడిలో వేసింది. నేను ఒక చెంచా తిన్నాను. చాలా చేదుగా వున్నా ఉమ్మలేదు, మింగాను. నా మొహం చూసి నాయనమ్మ నవ్వింది.”

రెండవ వాక్యాన్ని మూడవదానితో కలపమని నేను చెప్పాను. వాడు ఒప్పుకోలేదు. వాడిదే సరి. చెంచా నోట్లో పెట్టుకున్న తరువాత కాసేపు ఆగాలి గదా! ‘వున్నా’ అన్న ఒక్క మాటలో వాడి పట్టుదల తెలుస్తున్నది, విశేషణం ఒక్కటి కూడా అవసరం కాలేదు. చివర కొత్త చొక్కా సంగతి కూడా వ్రాయబోయాడు. “నాయనమ్మ చొక్కా చూసి నవ్విందా?” అని అడిగితే కాదన్నాడు. అయితే చొక్కాకు వేరే పేరా ఇద్దామని ఒక గీత వదిలాడు. పేరా అంటే ఏమిటో నేను వేరే చెప్పవలసిన పని లేకపోయింది.

ఇందులో ప్రమాదం లేకపోలేదు. అదే తరగతిలో ఒక అమ్మాయి లేచి, కడిగి, కట్టుకొని, తిని, వెళ్లి, చూసి, వచ్చి, పడుకొన్నాను అని రోజంతా ఒకే వాక్యంలో పెట్టింది. గట్టిగా చదవమన్నాను. సగంలోనే ఊపిరి చాలక తానే నవ్వేసింది.

పరీక్షకు ఇటువంటి వ్రాత పనికిరాదు, అచ్చయిన వ్యాసాలే మార్కులు తెస్తాయి అని నాతోటి ఉపాధ్యాయులొకరు అన్నారు. పరీక్ష సంగతి నేను కాదనను, దాని కోసం కొన్ని నేర్పక తప్పదు. మందిరంలో పెట్టే పోటీ మన చేతిలోనిదే గదా? వచ్చే ఏడు కాగితాలు దిద్దేటప్పుడు, వేరే ఏ కాగితంలోనూ లేని సంగతి ఒక్కటైనా వ్రాసిన పిల్లలకు కొన్ని మార్కులు విడిగా వుంచాలని నిర్వాహకులను కోరుతున్నాను. ఈ ఏడు ఆ కుర్రవాడికి నేనిచ్చిన మార్కులు ఇక మార్చలేను. అది నన్ను బాధిస్తున్నది.

వాడు ఆ కాగితం ఇంటికి తీసుకుపోయి నాయనమ్మకు చదివి వినిపించాడట. ఆమెకు చదువు రాదు గాని తెలుగు వింటే తెలుస్తుంది. అంతా విని, “తురమలేదురా, సన్నగా తరిగాను” అన్నదట. మరుసటి శనివారం వాడు ‘తురిమి’ కొట్టివేసి, పైన ‘తరిగి’ అని వ్రాసుకొని వచ్చాడు.