బలిచావ్: పేరు ఒక రేవుది, జాడీ మరొక రేవుది

మకావులోని మకానీస్ కుటుంబాల వంటలో బలిచావ్‌ది ప్రత్యేక స్థానం. అతి చిన్న రొయ్యలను ఉప్పు, మిరియాలు, లవంగాలు, బిరియానీ ఆకు, కొంత మద్యం కలిపి జాడీలో ఊరబెడతారు. చింతపండుతో వండే పంది మాంసపు కూరకు రుచి దీనివల్లనే వస్తుంది.

పదం చివరి అనునాసికాన్ని చూసి దీన్ని పోర్చుగీసు మాట అనుకోవడం, గోవా వంటకం ‘బల్చావ్’ నుంచి వచ్చిందనడం తరచు జరిగే పొరపాట్లు. మలయ్ భాషలో ‘బెలచాన్’ అంటే రొయ్యలను ఉప్పుతో దంచి, పులియబెట్టి, ఎండబెట్టిన ముద్ద. పోర్చుగీసువారు 1511లో మలక్కాను పట్టుకున్నారు. 1557 నాటికి మకావులో స్థిరపడ్డారు. పరభాషా పదాల చివరి నకారాన్ని తమ ‘ఆవ్’ అనునాసికంగా మార్చుకోవడం వారికి అలవాటే. జపాన్‌కు వారి భాషలో పేరు ‘జపావ్’. 1886లో వెలువడిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు సైతం ‘బలచాంగ్’ను మలయ్ పదంగానే గుర్తించింది.

గోవా వాదానికి పదస్వరూపమే అడ్డు. మలయ్ పదంలో లకార చకారాల నడుమ అచ్చు ఉంది. గోవా రూపంలో అది లోపించింది. మకావు రూపంలో ఇకారంగా నిలిచింది. లోపించిన అచ్చు అదే చోట మళ్ళీ పుట్టిందనడం కన్నా, రెండు రూపాలూ మలయ్ పదం నుంచి వేర్వేరుగా వచ్చాయనడమే సబబు. అవి తల్లీబిడ్డలు కావు, తోబుట్టువులు.

అయితే పదం పుట్టుకను పదార్థం పుట్టుకగా భావించరాదు. గోవా బల్చావ్‌లో వినిగర్, ఎండుమిర్చి ప్రధానం. బర్మా బలచాంగ్ ఎండు రొయ్యల వేపుడు. దక్షిణ చైనా తీరవాసులకు ‘హామ్ హా’ అనే సొంత రొయ్యల ముద్ద ఉంది. పేరు మలక్కాదైనా, ఆ పేరుతో జాడీలోకి చేరింది ఏ రేవులో ఆ రేవు రుచే.

తెలుగులోని ‘అనాస’ను పోర్చుగీసు మాట అని ఊరుకుంటే బ్రెజిల్ ఆదివాసుల తూపీ భాష మరుగున పడుతుంది. బలిచావ్ విషయంలో మరుగున పడేది, మకానీస్ తొలి తరాలను పెంచిన ఆసియా స్త్రీల వంటిల్లు. ఆ సముదాయపు పాతువా భాషను 2009లో యునెస్కో తీవ్రంగా అంతరించే దశలో ఉన్నదిగా పేర్కొంది. మాట్లాడేవారు తగ్గే కొద్దీ ఆ స్త్రీల చరిత్రకు ఇలాంటి వంటింటి మాటలే సాక్ష్యంగా మిగులుతాయి. అందుకే వాటి మూలాన్ని సరిగా నమోదు చేయడం అవసరం.