పాత్ర ఎవరి సొత్తు? – కుస్తీ కంపెనీల వలసలు, పద్యనాటకంలో ఇద్దరు కృష్ణులు

కీలకపదాలు: పాత్ర, పేరు, బాణీ, కాంట్రాక్టు నాటకం, వృత్తికుస్తీ, రోలా బార్త్

ప్రవేశిక

రోలుగుంట, చోడవరం ప్రాంతాల తీర్థాల్లో పద్యనాటకం చూసినవారికి ఒక అనుభవం కొత్త కాదు. పడకసీనులో కనిపించిన శ్రీకృష్ణుడు రాయబారం సీనుకు వచ్చేసరికి మరో మనిషై ఉంటాడు. ముఖం మారుతుంది, గొంతు మారుతుంది, ఒక్కోసారి ఎత్తు కూడా మారుతుంది. ప్రేక్షకుడు మాత్రం తడబడడు. ఈయన ఎలా పాడతాడో చూద్దామని సర్దుకుని కూర్చుంటాడు. ఈ ఊళ్ళలోనే డబ్ల్యూ.డబ్ల్యూ.ఎఫ్. కుస్తీని టి.వి.లో చూస్తూ, ఆ వస్తాదుల బొమ్మలున్న ట్రంప్ కార్డులతో ఆడుకుంటూ ఒక తరం పెరిగింది. ఆ కుస్తీలో సరిగ్గా ఇలాంటి మార్పే జరిగినప్పుడు దాని ప్రేక్షకులు ఒప్పుకోలేదు. రెండూ ముందే నిర్ణయమైన కథను శరీరంతో, గొంతుతో ప్రదర్శించే కళలే. అటువంటప్పుడు ఒకచోట చెల్లినది మరోచోట ఎందుకు చెల్లలేదన్నది ఇక్కడి ప్రశ్న.

1996: పేరు ఒకచోట, మనిషి మరోచోట

1996లో స్కాట్ హాల్, కెవిన్ నాష్ అనే ఇద్దరు వస్తాదులు డబ్ల్యూ.డబ్ల్యూ.ఎఫ్.ను వదిలి ప్రత్యర్థి కంపెనీ డబ్ల్యూ.సి.డబ్ల్యూ.కు వెళ్ళారు. పాత కంపెనీలో వారి పేర్లు రేజర్ రమోన్, డీజిల్. ఆ పేర్లు కంపెనీ సొత్తు కనుక వెంట తీసుకుపోయే వీలు లేదు. మే 27న హాల్ ప్రేక్షకుల మధ్య నుంచి, మామూలు దుస్తుల్లో, పేరు చెప్పకుండా కొత్త బరిలోకి నడిచి వచ్చాడు. తానెవరో, ఎక్కడి నుంచి వచ్చాడో చూసేవారికి తెలుసునన్న ధీమా అతని మాటల్లో ఉంది. పక్క కంపెనీ తమ మీదికి దండెత్తిందన్న భ్రమే ఆ ఏడాది డబ్ల్యూ.సి.డబ్ల్యూ. కథకు ఆధారమయింది. డబ్ల్యూ.డబ్ల్యూ.ఎఫ్. దావా వేసింది. ఒప్పందపత్రాల్లో జరిగిన మార్పు బరిలోని ఇతివృత్తంగా మారడం ఈ ప్రదర్శన రూపానికే చెల్లిన విశేషం.

అంతకంటే ఆసక్తికరమైనది డబ్ల్యూ.డబ్ల్యూ.ఎఫ్. ఇచ్చిన జవాబు. ఆ సెప్టెంబరులో అది ఆ రెండు పేర్లకూ, ఆ రెండు వేషాలకూ కొత్త మనుషులను పెట్టింది. రిక్ బోగ్నర్ రేజర్ రమోన్‌గా, గ్లెన్ జాకబ్స్ డీజిల్‌గా వచ్చారు. దుస్తులు అవే, హావభావాలు అవే, చట్టం దృష్టిలో పాత్రలూ అవే. ప్రేక్షకులు వారిని నకిలీలన్నారు. కొద్దికాలానికే ఆ ప్రయోగం ముగిసింది. 1997లో అదే జాకబ్స్ ముసుగుతో 'కేన్'గా ప్రవేశించి, ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు ఆ కంపెనీ ప్రముఖుల్లో ఒకడిగా నిలిచాడు. లోపం నటుడి సామర్థ్యంలో లేదని దీనివల్ల తేలుతుంది.

రెండో కృష్ణుడు

ఇప్పుడు మన రంగస్థలానికి వద్దాం. నెలజీతాల మీద నటులను పోషించిన సమాజాల కాలం వెనకబడ్డాక కాంట్రాక్టు నాటకం బలపడింది. పేరున్న నటులను తలా ఒక చోటు నుంచి రప్పించి, ఒక్క రాత్రికి ఒక్క నాటకంలో నిలబెట్టే పద్ధతి ఇది. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు దీనికి అనువుగా దొరికాయి. బలిజేపల్లి లక్ష్మీకాంతం హరిశ్చంద్ర నాటకమూ అంతే. పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు ఇద్దరూ కృష్ణులే. ఒకరిలో మాటకు, భావానికి పెద్దపీట, మరొకరిలో రాగానికి. ప్రేక్షకుడు ఈ తేడా వినడానికే వచ్చేవాడు. పాత్ర ముందే తెలుసు, పద్యమూ కంఠతా వచ్చు. తెలియనిది ఒక్క బాణీ.

అంటే ఇక్కడ పాత్ర పురాణానిది, పద్యం కవిది, బాణీ నటుడిది. కాంట్రాక్టరుకు మిగిలేది ఆ రాత్రి వసూళ్ళు మాత్రమే. నటుడు ఎవరి పిలుపు మీద ఎక్కడికి వెళ్ళినా అతని బాణీ అతని వెంటే వెళుతుంది. వెనక మిగిలిన కృష్ణవేషం ఖాళీగా ఉండదు, వేరొకరు కట్టుకుంటారు. ఆయనను నకిలీ కృష్ణుడని ఎవరూ అనరు. పద్యం నచ్చకపోతే 'వన్స్ మోర్' అనరు, అంతే.

ఈ పద్ధతిని ఆకాశానికెత్తడం నా ఉద్దేశం కాదు. సీనుకొక కృష్ణుడు వచ్చే నాటకంలో పాత్రకు ఎదుగుదల ఉండదు. పడకసీనులోని చమత్కారి రాయబారంలో ఎందుకు గంభీరుడయ్యాడో చూపే అవకాశం ఏ ఒక్క నటుడికీ దక్కదు. నాటకం పద్యాల పోటీగా విడిపోతుంది. పైగా ఈ ఓర్పు అన్ని నాటకాలకూ వర్తించదు. కన్యాశుల్కంలో మొదటి అంకానికి ఒక గిరీశం, రెండో అంకానికి మరో గిరీశం వస్తే ప్రేక్షకుడు నవ్విపోతాడు. గిరీశం పురాణపురుషుడు కాడు. గురజాడ రాతలో మాత్రమే ఉన్నవాడు. అయినా వేరువేరు ప్రదర్శనల్లో వేరువేరు గిరీశాలను మనం ఒప్పుకుంటాం, రాసిన పాఠం ఒకటుంది కనుక.

డీజిల్‌కు పురాణమూ లేదు, పాఠమూ లేదు. ఏడడుగుల నాష్ శరీరం, అతను నడిచే తీరు, చూసే చూపు – ఆ పాత్ర అంతా అదే. బాణీ, పాత్ర అక్కడ విడదీయరానివి. విడదీయరానిదాన్ని చట్టం విడదీసి పేరును ఒకరికి, ఒంటిని ఒకరికి పంచింది. ప్రేక్షకులు తిరస్కరించింది ఆ పంపకాన్ని.

ఇంటిపేరు, బిరుదు

కోడీ రోడ్స్ ఉదంతం దీన్ని మరింత ముందుకు తీసుకువెళుతుంది. 2016లో డబ్ల్యూ.డబ్ల్యూ.ఇ. వదిలాక అతడు చాలాకాలం కేవలం 'కోడీ'గానే ఆడవలసివచ్చింది. 'రోడ్స్' అతని తండ్రి డస్టీ బరిలో పెట్టుకున్న పేరు; కొడుకు రంగనామం మీద హక్కు మాత్రం కంపెనీది. 2020లో గాని అది అతని చేతికి రాలేదు. తర్వాత 2022 ఏప్రిల్‌లో అతడు పాత కంపెనీకే తిరిగివచ్చాడు. మన వైపు కల్యాణం రఘురామయ్యను చూడండి. ఈలపాట ఆయన ఇంటిపేరునే మింగేసి 'ఈలపాట రఘురామయ్య'ను చేసింది. ఏ కాంట్రాక్టరూ ఆ ఈలను అట్టిపెట్టుకోలేడు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు సొంత సర్కస్ నడిపినవాడు. ఆయనకు జనం ఇచ్చిన 'కలియుగ భీముడు' అన్న పేరులోని భీముడి మీద ఎవరికీ హక్కుపత్రం లేదు.

బార్త్ చూడనిది

కుస్తీని నాటకంగా చదివిన తొలి గొప్ప వ్యాసం రోలా బార్త్‌ది. 1957లో వచ్చిన ఆయన 'మిథాలజీస్'కు అదే మొదటి వ్యాసం. తోవాఁ అనే వస్తాదు స్థూలకాయమే నీచత్వానికి సంకేతమని, పోటీ నిజమా కాదా అన్నది ప్రేక్షకుడికి పట్టదని ఆయన విశ్లేషణ. శరీరమే సంకేతమన్న మాట ఇప్పటికీ నిలుస్తుంది. కాని ఆ సంకేతానికి యజమాని ఉంటాడన్న ఊహ ఆ వ్యాసంలో లేదు. తన ఒప్పందం ముగిసే రాత్రి, 2011 జూలై 17న, సి.ఎం. పంక్ షికాగోలో జాన్ సీనాను ఓడించి, బెల్టుతో జనం మధ్య నుంచి వెళ్ళిపోయాడు. ఆ దృశ్యాన్ని బార్త్ పద్ధతిలో చదవలేం. పంక్ శరీరం కంటే అతని ఒప్పందపు గడువుకు అక్కడ ఎక్కువ అర్థముంది. ఆ గడువు నిజమని తెలిసినవాడికే దృశ్యం పూర్తిగా అందుతుంది. ప్రేక్షకుడికి నిజానిజాలు పట్టవన్న బార్త్ ప్రతిపాదన ఇక్కడ తలకిందులవుతుంది: కల్పన అని తెలిసి చూసేవాడే అందులో నిజం ఎంత పాలో వెతుకుతున్నాడు.

2023 సెప్టెంబరు 8న హైదరాబాదు గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో డబ్ల్యూ.డబ్ల్యూ.ఇ. ప్రదర్శన జరిగినప్పుడు సీనా వచ్చాడు. తెరమీద చూసిన మనిషినే ఎదురుగా చూడాలని జనం వచ్చారు. సీనా వేషంలో రెండో సీనా వస్తే ఒప్పుకునేవారు కారు. ఆ జనంలో కొందరి తాతలు తీర్థంలో తెల్లవారేదాకా రెండో కృష్ణుడి కోసం మేలుకుని ఉన్నవారే అయివుండవచ్చు.