పండగ పూట దెయ్యం కథ

నేను ఇంగ్లండు వచ్చిన మొదటి డిసెంబరులో, ఆఫీసులో ఒక పెద్దాయన సెలవులకి వెళ్తూ క్రిస్మస్‌కి చదువుకోమని ఒక పాత పుస్తకం చేతిలో పెట్టారు. తెరిచి చూస్తే అన్నీ దెయ్యం కథలే! సంక్రాంతి నాడు దెయ్యాల ఊసెత్తితే మా అమ్మ ఊరుకుంటుందా? పండగ పూట ఇదేం చోద్యం అనుకున్నాను.

ఇక్కడివాళ్ళకి అది చోద్యం కాదు. డిసెంబరు చివర్లో సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది. చలి రాత్రుల్లో భయం కథలు చెప్పుకోవడం షేక్‌స్పియర్ నాటికే ఉన్న అలవాటు. దాన్ని క్రిస్మస్‌కి అందరికంటే గట్టిగా ముడివేసింది చార్లెస్ డికెన్స్. 1843 డిసెంబరులో 'ఎ క్రిస్మస్ కేరల్' అచ్చయింది. ఆ తర్వాత తన పత్రికల క్రిస్మస్ సంచికల్లోనూ దెయ్యాలకి చోటిచ్చాడు. కేంబ్రిడ్జిలో ఎం. ఆర్. జేమ్స్ క్రిస్మస్ రోజుల్లో మిత్రులకి చదివి వినిపించిన కథలు 1904లో పుస్తకంగా వచ్చాయి.

'కేరల్' కథ అందరికీ తెలిసిందే. పిసినారి స్క్రూజ్‌ని ఒక్క రాత్రిలో దెయ్యాలు మార్చేస్తాయి. తెల్లారేసరికి గుమాస్తా ఇంటికి టర్కీ కోడి పంపిస్తాడు, తర్వాత జీతం పెంచుతాడు. చదవడానికి హాయిగానే ఉంటుంది. కానీ ఒక్క మాట. స్క్రూజ్ దగ్గర డబ్బుంది. దెయ్యం చెప్పిన మాట అమలుచేసే స్తోమత అతనికుంది. ఆ స్తోమత లేనివాడికి దెయ్యం కనిపిస్తే?

ఈ ప్రశ్నకి డికెన్సే 1866లో 'ది సిగ్నల్‌మాన్'లో జవాబు చెప్పాడు. నా దృష్టిలో ఇది 'కేరల్' కన్నా గొప్ప కథ. లోతుగా తవ్విన రైలుదారిలో, సొరంగం పక్కన ఒంటరిగా పనిచేసే ఉద్యోగి. ఎర్రదీపం దగ్గర ఒక ఆకారం కనిపించినప్పుడల్లా ఏదో ఘోరం జరుగుతుంది. మూడోసారి మళ్ళీ కనిపించింది. ప్రమాదం ఎక్కడో, ఎవరికో తెలియదు. పైవాళ్ళకి తంతి కొడితే కారణం అడుగుతారు, ఏం చెప్పాలి? పిచ్చివాడనుకుని ఉద్యోగం తీసేస్తారు. చివరికి ఆ ప్రమాదం అతనికే వస్తుంది.

అంతకు ముందు ఏడాది, 1865 జూన్‌లో, స్టేపుల్‌హర్స్ట్ దగ్గర పడిపోయిన రైల్లో డికెన్స్ ఉన్నాడు. గాయపడినవాళ్ళకి తన చేతుల్తో నీళ్ళందించాడు. ఈ కథలో ఉపదేశం లేకపోవడానికి అదీ ఒక కారణమేమో.

ఈ కథ మొదటిసారి చదివినప్పుడు నాకు సిగ్నల్‌మాన్ పరాయివాడనిపించలేదు. అర్ధరాత్రి ఫోను మోగుతుంది. "నాన్నకి కాస్త నలతగా ఉంది, కంగారుపడకు" అంటారు. ఎంత నలతో చెప్పరు. సెలవు దొరకదు, వీసా కాగితాలు ఇంకెక్కడో ఉంటాయి. హెచ్చరిక అందింది, కదలడానికి లేదు. మనలో ఈ రాత్రి గడపనివాళ్ళెవరు?

మన వలస కథల్లో మాత్రం ఫోను మోగగానే హీరో విమానమెక్కుతాడు. చివరి చూపు దక్కుతుంది, లేకపోతే పశ్చాత్తాపంతో మారిపోతాడు. అంటే మనం ఇంకా స్క్రూజ్ కథలే రాస్తున్నాం. కుర్చీలోంచి లేవలేక, ఫోను వైపు చూస్తూ తెల్లవార్లూ కూర్చున్నవాడి కథ ఎవరైనా రాస్తే చదవాలని ఉంది. దానికి దెయ్యం అక్కర్లేదు, ఆ ఫోను చాలు.